కొత్త బాక్టీరియా వార్తలో రాయని రెండు లైన్లు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ అనంతపురం జిల్లా పేజీలో 'సీమ మట్టిలో కొత్త బాక్టీరియా' అని ఒక వార్త వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచి మా పాత విద్యార్థులు దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నారు, కాలేజీకి బయల్దేరే లోపల పదకొండు మంది పంపారు. అందులో ఒకడు 'సార్, మనం కూడా పేపర్లో వేయించుంటే అప్పుడే ఫేమస్ అయ్యేవాళ్లం' అని నవ్వే బొమ్మలు కూడా పెట్టాడు. వాడు ఎందుకు నవ్వాడో కింద చెప్తాను. నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా మైక్రోబయాలజీ చెప్తున్నాను.

మన ఎర్రనేల గురించి మంచి మాట రాస్తే ఎవరికి చేదు? నేనూ సంతోషంగానే చదివాను. కానీ చదివేకొద్దీ టెన్షన్ మొదలైంది. 'తెలిసిన బాక్టీరియాతో 98 శాతం మాత్రమే కలిసింది కాబట్టి ఇది పూర్తిగా కొత్త జాతి' అని ఒక వాక్యం, 'ఇది వాడితే వేరుశనగ దిగుబడి పెరుగుతుంది' అని ఇంకో వాక్యం. ఈ రెండింటి మధ్య కనీసం రెండు మూడేళ్ల పని ఉంటుంది, దాని ఊసే లేదు. ఆ బాక్టీరియాని ఎక్కడ దాచారు, పేరు ఏ జర్నల్లో వచ్చింది, ఈ రెండు లైన్లు ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్నే కాదు.

ముందు నా బండారం బయటపెడతాను, లేకపోతే ఎవరిదో విజయం చూసి ఓర్వలేక రాస్తున్నానని అనుకుంటారు. చాలా ఏళ్ల కిందట మేమూ ఇలాగే 'కొత్త జాతి' కనిపెట్టాం. కళ్యాణదుర్గం దగ్గర ఒక శనక్కాయ చేన్లో, తొలకరి పడిన మూడో రోజు, పైన ఎండిన మట్టి గీకేసి జానెడు లోతు నుంచి మట్టి తీసుకొచ్చాం. తొలకరికి నేల నుంచి కమ్మటి వాసన వస్తుంది కదా, అందులో పెద్ద భాగం జియోస్మిన్ అనే పదార్థానిది, దాన్ని తయారు చేసేది ముఖ్యంగా స్ట్రెప్టోమైసిస్ జాతుల బాక్టీరియా. మేం వెతికిందీ వాటినే. ఒక గ్రాము మట్టిని తొమ్మిది మిల్లీలీటర్ల ఉప్పునీళ్లలో కలపడం, అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ తొమ్మిదిలో కలపడం, ఇలా ఆరుసార్లు చేస్తే మట్టి పది లక్షల వంతుకి పలచబడుతుంది. అంత పలచన చేసినా ఒక్కోసారి ప్లేటు నిండా కాలనీలే, అంటే ఒక్కో కణం పెరిగి గుంపై కంటికి కనిపించే చుక్కలు. గ్రాము మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి, వాటిలో మన ప్లేటు మీద పెరగడానికి ఒప్పుకునేవి నూటికి ఒకటి కూడా ఉండవు. (ఆ ప్లేట్లలో పోసే అగార్ మన స్వీట్ల షాపుల వాళ్లు వాడే చైనా గ్రాసే. 1880ల మొదట్లో కోచ్ ల్యాబులో పనిచేసే ఒక డాక్టరు గారి భార్య, ఫానీ హెస్సే, జెల్లీలకి తను వంటింట్లో వాడే సరుకుని చూపించి దీన్ని వాడండి అంది. అంతకుముందు వాడే జెలటిన్ ఎండకి కరిగిపోయేది. మే నెల్లో అనంతపురంలో జెలటిన్‌తో ప్రాక్టికల్స్ పెట్టుంటే మా గతి ఏమయ్యేదో.)

స్ట్రెప్టోమైసిస్ నిదానంగా పెరుగుతుంది, వారం పది రోజులు పట్టింది. సుద్దపొడి అద్దినట్టు పొడిగా ఉన్న ఒక కాలనీ మాకు నచ్చింది. దాన్ని తీసి ఇంకో ప్లేటు మీద గీయడం, అందులో విడిగా వచ్చిన ఒక్క కాలనీని మళ్లీ గీయడం, నాలుగైదు సార్లు ఇలా చేస్తే గానీ అది ఒక్కటే అని నమ్మకం కుదరదు. ఈ పని చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి నెల. తర్వాత డీఎన్ఏ తీసి సీక్వెన్సింగ్‌కి, అంటే అందులోని అక్షరాల వరుస మిషన్‌తో చదివించడానికి, కొరియర్లో పంపాం, డబ్బులు నా జీతంలోవి, ఇంట్లో చెప్పలేదు.

చదివించింది మొత్తం డీఎన్ఏ కాదు, అప్పట్లో 16ఎస్ అనే ఒక్క జీన్ మాత్రమే, పూర్తి పేరు 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జీన్. ప్రతి బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఉంటుంది, దానికి సంబంధించిన జీన్ ఇది, సుమారు 1,500 అక్షరాల పొడవు. చాలా నిదానంగా మారుతుంది కాబట్టి దీన్ని చూసి ఎవరు ఎవరికి చుట్టమో చెప్పొచ్చు. కార్ల్ ఊజ్ అనే ఆయన ఇదే జీన్ తాలూకు ఆర్ఎన్ఏని పోల్చుకుంటూ పోయి 1977లో, ఇన్నాళ్లూ బాక్టీరియా అనుకున్న వాటిలో కొన్ని అసలు బాక్టీరియానే కాదని, ఆర్కియా అనే వేరే వంశమని తేల్చాడు. మన భాషలో చెప్పాలంటే ఇది ఇంటిపేరు, గోత్రం అడిగినట్టు. అడగ్గానే ఏ ఊరి వాళ్లో, ఎవరి తాలూకో తెలిసిపోతుంది గానీ, ఎదురుగా నిలబడింది అన్నో తమ్ముడో తెలియదు.

మాకు వచ్చిన ఫలితం 97.5 శాతం. అంటే తెలిసిన వాటిలో దగ్గరిదానితో కూడా రెండున్నర శాతం తేడా. డిపార్ట్‌మెంట్లో పండగే. మా ఆవిడ చేత ఓళిగలు చేయించి స్టాఫ్ రూమ్‌కి తీసుకెళ్లాను. ప్రిన్సిపాల్ గారు కాలేజీ పెట్టినాయన పేరు మీదుగా పేరు పెట్టాలన్నారు, నాకేమో అనంతపురం పేరు రావాలని. స్థలం పేరు పెట్టాలంటే లాటిన్ పద్ధతిలో చివర 'ఎన్సిస్' చేరుస్తారు, అందుకని బోర్డు మీద 'అనంతపురెన్సిస్' అని రాసి ఫొటో కూడా తీసుకున్నాం. పైన నవ్విన కుర్రాడు ఆ ఫొటోలో ఎడమ పక్క చివర ఉన్నాడు.

రెండు నెలల తర్వాత హైదరాబాదులో ఒక వర్క్‌షాప్‌లో ఇదే గొప్పగా చెప్తే, ఒక పెద్దాయన నెమ్మదిగా 'క్రోమాటోగ్రామ్ చూశారా' అని అడిగాడు. అక్షరాల కింద రంగు రంగుల గీతల కొండలు ఉంటాయి, ఆ బొమ్మ. నేను అక్షరాలు కాపీ చేసి కంప్యూటర్లో పోల్చానే తప్ప బొమ్మ తెరవలేదు. ఆయన తెరిచి చూపించాడు. మొదటి యాభై అరవై అక్షరాల దగ్గర కొండలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కలగాపులగంగా ఉన్నాయి, చివర కూడా అంతే. మాది మొత్తం 840 అక్షరాలు, అందులో తేడా వచ్చినవి ఇరవై ఒకటి, వాటిలో పద్దెనిమిది ఆ చెత్త భాగాల్లోనే. మిషన్ సరిగ్గా చదవలేకపోయిన చోటల్లా మేం 'కొత్తదనం' చూశామన్న మాట. తిరిగొచ్చి రెండు వైపుల నుంచీ చదివించి, చివర్లు కత్తిరించి, 1,440 అక్షరాలు కలిపి మళ్లీ పోలిస్తే ఎప్పుడో పేరు పెట్టేసిన ఒక స్ట్రెప్టోమైసిస్‌తో ఒక్క అక్షరం తేడా. ఓళిగలు తిన్నవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, 'సార్, మీ పురుగు ఏమైంది' అని.

అందుకే 98 శాతం అనగానే నాకు ముందు ఆ కొండల బొమ్మ గుర్తుకొస్తుంది. ఎన్ని అక్షరాలు పోల్చారు, దేనితో పోల్చారు? డేటాబేసులో ఎవరో ఎక్కించిన పేరులేని వాటితో పోలిస్తే చెల్లదు, పద్ధతి ప్రకారం పేరు పెట్టిన ప్రతి జాతికీ 'టైప్ స్ట్రెయిన్' అని ఒక మూల నమూనా ఉంటుంది, దానితో పోల్చాలి.

సరే, పూర్తి 1,500 అక్షరాలు శుభ్రంగా చదివి, నిజంగానే 98 శాతం వచ్చిందనుకుందాం. అప్పుడైనా 'కొత్తదై ఉండొచ్చు, ముందుకు వెళ్లు' అని మాత్రమే అర్థం. 1990లలో 97 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అనేవాళ్లు, తర్వాత ఆ గీత 98.7 దగ్గరికి జరిగింది, అంటే 1,500లో ఇరవై అక్షరాల తేడా. గీతకి పైన ఉన్నంత మాత్రాన ఒకటే జాతి అని కూడా కాదు. దీనికి మన జిల్లాల్లో అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. ఆదోని వైపు రైతులు వేసే బీటీ పత్తిలో ఉన్న పురుగుని చంపే జీన్ బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియాది, బీటీ అంటే దాని పొట్టి పేరే. గొర్రెలకి వచ్చే దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, బాసిల్లస్ ఆంత్రాసిస్ వల్ల వస్తుంది. ఉడికించి బయట వదిలేసిన అన్నం తింటే వాంతులు తెప్పించేది బాసిల్లస్ సీరియస్. ఈ మూడింటి 16ఎస్ జీన్లు దాదాపు అచ్చు ఒకేలా ఉంటాయి, ఆ ఒక్క పరీక్షే నమ్ముకుంటే పత్తికి మేలు చేసేదాన్నీ గొర్రెని చంపేదాన్నీ ఒకటే అనాల్సి వస్తుంది.

అందుకని జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం, చదవాలి. దగ్గరి చుట్టాల జీనోమ్‌లతో ముక్క ముక్కా పోల్చి సగటు తీస్తే, అది 95, 96 శాతం కంటే తక్కువ ఉంటే వేరే జాతి అని ఒప్పుకుంటారు. జీనోమ్‌లు చదవలేని కాలంలో రెండు బాక్టీరియాల డీఎన్ఏలను వేడి చేసి విడదీసి, చల్లారబెట్టి ఎంతవరకు అతుక్కుంటాయో చూసేవాళ్లు, 70 శాతం అతుక్కుంటే ఒకే జాతి అని 1987లో గీత గీశారు, ఇప్పటి 95 శాతం దానికి సరిపోయేలా చూసుకున్నదే. ఇవన్నీ కంప్యూటర్లో అయిపోయేవి. ఒళ్లు వంచాల్సిన పని వేరే ఉంది. ఎంత ఉప్పులో పెరుగుతుంది, ఎంత వేడికి ఆగిపోతుంది, ఏ చక్కెరలు తింటుంది, దాని పొరలో ఏ కొవ్వు ఆమ్లాలు ఉన్నాయి, ఇవన్నీ చూడాలి, అదీ మనదాన్ని ఒక్కదాన్నే కాదు, దగ్గరి టైప్ స్ట్రెయిన్లను కొని తెప్పించి, పక్కపక్కన ఒకే రోజు ఒకే ఇంక్యుబేటర్లో పెంచి చూడాలి. ఒక్క పరీక్ష తేడాగా వస్తే మళ్లీ మొదటికి.

ఆ తర్వాతే పేరు. పేరు పెట్టడానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. 1980 జనవరి 1న పాత పేర్ల గందరగోళమంతా పక్కన పెట్టేసి, ఒప్పుకున్న పేర్ల జాబితా ఒకటి ప్రకటించి లెక్క కొత్తగా మొదలుపెట్టారు. అప్పటి నుంచి పేరు చెల్లాలంటే ఇప్పుడు ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సిస్టమాటిక్ అండ్ ఎవల్యూషనరీ మైక్రోబయాలజీ అని పిలిచే ఆ ఒక్క జర్నల్లో రావాలి, వేరే చోట అచ్చయితే అందులోని జాబితాకైనా ఎక్కాలి. దానికంటే ముందు ఆ బాక్టీరియాని కనీసం రెండు వేరు వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో, అంటే బాక్టీరియాలను బతికుండేలా దాచే బ్యాంకుల్లాంటి చోట్ల, జమ చేయాలి, రేపు ఎవరు అడిగినా ఇచ్చేలా. మనకి చండీగఢ్‌లో ఎంటీసీసీ ఉంది, పుణేలో ఒకటుంది, బయట జపాన్ జేసీఎం, కొరియా కేసీటీసీ, జర్మనీ డీఎస్ఎంజెడ్ లాంటివి. బయటికి పంపే ముందు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని ప్రాధికార సంస్థ కాగితాలు కూడా చూసుకోవాలి. ప్లేటు మీద పెరగని వాటికి జీనోమ్ ఆధారంగా పేరు పెట్టే సీక్‌కోడ్ అనే వేరే దారి 2022లో వచ్చింది, కానీ మీ వార్తలోది చక్కగా ప్లేటు మీద పెరిగిందే, ఫొటోలో కనిపిస్తోంది.

ఇంత చేసి పెట్టిన పేరైనా శాశ్వతం అని లేదు. 2005లో హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి ఆకాశంలో ఇరవై కిలోమీటర్లకి పైన గాలి పట్టి తెచ్చారు, అందులో దొరికిన మూడు బాక్టీరియాలకి 2009లో కొత్త జాతులుగా పేర్లు పెట్టారు. ఒకటి ఇస్రో పేరు మీద, ఒకటి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు మీద, ఒకటి మన ఆర్యభట్ట పేరు మీద. ఇది సీసీఎంబీ లాంటి పెద్ద సంస్థల్లో, అన్ని పరీక్షలూ చేసి, పద్ధతి ప్రకారం అచ్చయిన పని. పదేళ్ల తర్వాత జీనోమ్‌లు పోల్చి చూసి, ఆర్యభట్ట పేరు పెట్టింది అంతకుముందే బాసిల్లస్ మెగాటీరియం అని పిలుస్తున్న మట్టి బాక్టీరియానే అని ఇంకో బృందం 2019లో రాసింది. 2020లో ఆ మెగాటీరియం కూడా బాసిల్లస్ ఇంటి నుంచి ప్రీస్టియా అనే ఇంటికి మారింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, కొత్త సాధనం వచ్చినప్పుడు పాత లెక్క సరిచూసుకుంటారు. కానీ పేరు పెట్టిన రోజు వార్త అన్ని పేపర్లలో చదివాను, పేరు పోయిన వార్త నేనైతే ఏ తెలుగు పేపర్లోనూ చూడలేదు.

మట్టిలో వెతకడం దండగ అని నా ఉద్దేశం కాదు, దయచేసి అలా అనుకోవద్దు. టీబీకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ మట్టి బాక్టీరియా ఇచ్చిందే, స్ట్రెప్టోమైసిస్ గ్రైసియస్ నుంచి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఎక్కడెక్కడి మట్టి నమూనాలో తెప్పించుకుని వెతికితే, మిస్సోరీ పొలం మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. సుబ్బారావు గారి పేరు మీద ఒక బూజు ప్రజాతే ఉంది, సుబ్బరోమైసిస్ అని, ఆయన పోయిన ఐదేళ్లకి 1953లో పెట్టారు. మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో మరి.

నా కోపం అసలు దిగుబడి వాక్యం మీద. మీ పేపర్ వచ్చిన నాలుగో రోజు మా మేనమామ ఫోన్ చేశాడు, ఆయనకి ఎనిమిది ఎకరాల మెట్ట, శనక్కాయే వేస్తాడు. 'ఏమప్పా అల్లుడా, కొత్త బాట్రీ ఏదో వచ్చిందంటనే, అంగట్లో సీసా ఇచ్చినాడు, పేపర్ ముక్క కూడా అంటించి పెట్టినాడు' అన్నాడు. వెళ్లి చూశాను. లీటరు సీసా, మీ వార్త జిరాక్స్ అంగడి అద్దానికి అంటించి ఉంది. సీసా మీద బాక్టీరియా పేరు లేదు, ఎన్ని కణాలున్నాయో లెక్క లేదు, ఎప్పుడు తయారైందో లేదు. మీ వార్తలోని బాక్టీరియాకీ ఆ సీసాకీ ఏ సంబంధమూ లేదని పందెం కాస్తాను. కానీ మామకి ఏం తెలుసు? పేపర్లో వచ్చింది కదా అన్నాడు.

జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పప్పుజాతి పంటల వేళ్లకి బుడిపెలు కట్టే రైజోబియం బాక్టీరియా పొడి ప్యాకెట్ అయితే గ్రాముకి కనీసం ఐదు కోట్ల బతికున్న కణాలు, ద్రవమైతే మిల్లీలీటరుకి పది కోట్లు ఉండాలి, ఏ జాతి, ఏ పంటకి, గడువు తేదీ ఏంటి అన్నీ మీద రాసి ఉండాలి. పంట పేరు చూడ్డం చాలా ముఖ్యం, శనక్కాయ వేళ్ల మీద బుడిపెలు కట్టేది బ్రాడీరైజోబియం, పప్పుశనగకి పనికొచ్చేది మీసోరైజోబియం, నంద్యాల నల్లరేగడిలో పప్పుశనగకి వేసే ప్యాకెట్ తెచ్చి మన ఎర్రనేల శనక్కాయకి పట్టిస్తే డబ్బులు మట్టిలో పోసినట్టే. చల్లార్చిన బెల్లం నీళ్లతో విత్తనాలకి పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తేయాలి. తెగుళ్ల మందు పట్టించేది ఉంటే అది ముందు, ఇది చివర. మామకి ఇదే చెప్పాను, సీసా వెనక్కి ఇచ్చేశాడు, డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

మీ విలేకరిని నేను తప్పు పట్టడం లేదు, ఆయనకి కాలేజీ వాళ్లు ఇచ్చిన కాగితమే ఆధారం. ఇలాంటి వార్త వచ్చినప్పుడు నేను పైన అడిగినవి ఒకసారి ఫోన్లో అడగమనండి, ముఖ్యంగా కల్చర్ ఏ కలెక్షన్లో ఏ నంబరుతో ఉందో. నంబరు చెప్పగలిగితే మొదటి పేజీలో వేయండి, నేనే పది కాపీలు కొంటాను. చెప్పలేకపోతే 'కొత్తదై ఉండొచ్చు' అని ఒక్క మాట చేర్చండి. పోయిన వారం వార్తకి కూడా చిన్న వివరణ అదే జిల్లా పేజీలో వేస్తే ఆ అంగడి అద్దం మీద అంటించడానికి నాకు పనికొస్తుంది.

ఇంకొక్క మాట. నిజంగా కొత్తది దొరికినా పేపర్ దాకా రాని సంగతులూ ఉంటాయి. మా దగ్గర చదివి తర్వాత పీజీకి వెళ్లిన ఒక అమ్మాయి మూడేళ్ల కిందట అదే కళ్యాణదుర్గం వైపు మట్టిలోంచి ఒకదాన్ని తీసింది. ఈసారి కొండల బొమ్మ నేనే కూర్చుని అక్షరం అక్షరం చూశాను, రెండు వైపులా శుభ్రం, 1,450 అక్షరాలు, పోలిక 98.1 శాతం. జీనోమ్‌కి డబ్బులు పోగు చేసుకునే లోపల ఎండాకాలం వచ్చింది, సెలవుల్లో ల్యాబుకి నాలుగు రోజులు కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ పోసే మనిషి లేడు. ఫ్రిజ్ తెరిచేసరికి గ్లిజరాల్‌లో గడ్డకట్టించి దాచిన ట్యూబులన్నీ కరిగి వేడెక్కి ఉన్నాయి. ప్లేటు మీద గీస్తే ఏదీ లేవలేదు. అప్పటికే ఎండబెట్టి ఏదో ఒక కలెక్షన్‌కి పంపుంటే ఈరోజు బతికుండేది, ఆ బుద్ధి మాకూ తర్వాతే వచ్చింది. ఏ ల్యాబో చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి.

ఆ చేను ఇప్పుడు లేఅవుట్ అయింది, రాళ్లు పాతి రంగులేశారు. పక్క చేను రెడ్డి గారు మట్టి తీసుకోమన్నారు, ఎంత కావాలంటే అంత తీసుకోండి, బోరు దగ్గర మాత్రం తవ్వొద్దన్నారు. తొలకరి పడగానే ఆ అమ్మాయీ నేనూ వెళ్తున్నాం. ఏదైనా దొరికితే ఈసారి ఓళిగలు చేయించను, మీకు ఫోన్ కూడా చేయను, కల్చర్ నంబరు వచ్చాక చేస్తాను.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ లెక్చరర్,
అనంతపురం.